చదివి పెట్టిన సంతకం

బుక్ బైండరు శవం సాయంత్రం ఐదూ నలభైకి ఆయన దుకాణంలో దొరికింది. పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన లైబ్రేరియన్ చూశాడు. బైండరు కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు. బల్ల మీద ఖాళీ విషం సీసా. ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నాడు డాక్టరు.

తానే తాగాడా? ఎవరైనా తాగించారా?

మర్నాడు ఉదయం పదింటికి ఆయన భార్యని స్టేషన్‌కి పిలిపించారు. ఆమె ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మీ ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా అమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"లేవండీ."

"ఏమైనా రాసిపెట్టాడా?"

"లేదండీ."

హెడ్ కానిస్టేబుల్ రాసిచ్చిన స్టేట్‌మెంట్ రెండు నిమిషాలు చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయింది.

పన్నెండింటికి ఇల్లు సోదా చేశారు. వంటింటి అలమరలో, పప్పు డబ్బా కింద ఉత్తరం. బైండరు చేతిరాతే.

"చదివి మరీ దాచేసింది సార్," అన్నాడు హెడ్. "పోతే పోయాడని ఊరుకుంది. ఇంకేం కావాలి మనకి?"

ఇన్‌స్పెక్టర్‌కి అది కొరుకుడు పడలేదు. దాచాలనుకుంటే కాల్చేయొచ్చుగా? పొయ్యి పక్కనే ఉందాయె.

నాలుగింటికి ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాడు. ఆమె సంతకం చేసిన కాగితంలో బైండరు ఊసే లేదు. ఎవరిదో సైకిలు పోయిన సంగతి ఉంది.

హెడ్ నాలుక కరుచుకున్నాడు. "రెండు స్టేట్‌మెంట్లూ తారుమారయ్యాయి సార్."

"ఆవిడ చదవలేదా?"

"చదివింది సార్. రెండు నిమిషాలు. పేజీ తిప్పి మరీ."

నాలుగున్నరకి ఇన్‌స్పెక్టర్ ఒక్కడే ఆమె ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. అన్నీ బైండరు స్వయంగా కుట్టినవే.

"అమ్మా, పొద్దున మీరు సంతకం పెట్టింది సైకిలు దొంగతనం కాగితం మీద."

ఆమె పుస్తకాల వైపు చూసింది.

"మీకు చదవడం రాదు కదూ?"

తల ఊపింది. "సంతకం ఒక్కటే వచ్చు. పెళ్లికి ముందు మా అన్నయ్య నేర్పాడు."

"ఆయనకి తెలీదా?"

"పంతొమ్మిదేళ్లు. వారానికో పుస్తకం తెచ్చేవారు. ఎలా ఉందనేవారు. బాగుందనేదాన్ని."

"మరి ఉత్తరం?"

"మొన్న... కాదు, నిన్న పొద్దున బల్ల మీద పెట్టి వెళ్లారు. కళ్లజోడు పగిలిందని చెప్పి పక్కింటి టీచరమ్మతో చదివించుకుందామనుకున్నా. ఆవిడ ఆరింటికిగానీ రాదు."

"లేదని ఎందుకు చెప్పారు?"

"ఉందంటే, ఏముందని అడుగుతారుగా." ఆయనకేసి తిరిగింది. "ఏముందండీ అందులో?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు.

'నా చేతులు పడిపోతున్నాయి. ఇక కుట్టలేనన్నాడు డాక్టరు. ఆరు నెలలుగా నీకు చెప్పకుండా దాచాను. నోటితో చెప్పలేక రాస్తున్నాను. ఇలాంటివాడితో ఉండగలనంటే దుకాణానికి రా. ఐదింటి దాకా చూస్తాను.'

ఆమె చెయ్యి చాపింది. ఉత్తరం తీసుకుని వెలుతురుకేసి పట్టుకుంది.

"ఇందులో 'రా' అన్నది ఎక్కడుంది?"

ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె వంగి చూసింది.

"ఒక్క అక్షరమేనా?" అంది.