వంటింటి తాళం

రంజాన్ మొదటి వారం. ముబీనా వంటింటికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. ఎనిమిదేళ్ళ ఇల్మా ఆ తలుపునే చూస్తూ గుమ్మంలో కూర్చుంది. ఆ తాళం చూస్తే చాలు, అత్తగారు కుల్సుంకి ఒళ్ళు మండిపోతుంది.

"నేను రోజా ఉన్నా. ఆకలంటే ఏంటో నాకు తెలుసు. కన్నబిడ్డకి తిండి దాచే తల్లిని నిన్నే చూశా."

"ఇందాకే తిన్నదత్తమ్మా. ఎంత తిన్నా ఆకలి తీరని జబ్బు దానిది."

"మా వంశంలో లేదా జబ్బు. మీ పుట్టింటి నుంచే వచ్చుంటది."

ముబీనా భర్త వైపు చూసింది. కరిముల్లా చెప్పులేసుకుని వన్ టౌన్‌లో కొట్టుకి వెళ్ళిపోయాడు. ఇల్మా జబ్బు గురించి హైదరాబాదు డాక్టరు చెప్పిన మాట అమ్మకి చెప్పొద్దని భార్య చేత ఒట్టేయించుకున్న మనిషి, ఇంకేం మాట్లాడతాడు?

మధ్యాహ్నం ముబీనా తాళం చెవి పక్కన పెట్టి నమాజుకి నిలబడింది. కుల్సుం ఆ చెవి తీసుకుని తలుపు తెరిచింది. ఇఫ్తారుకి మసీదుకి పంపాలని కాచిన పెద్ద గిన్నెడు గంజి, ఖర్జూరాల పళ్ళెం మనవరాలి ముందు పెట్టింది. ఆకలిగొన్న పిల్లకి పెడితే సవాబు, పుణ్యం అనుకుంది పిచ్చి తల్లి. ఇల్మా ఆగకుండా తింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, కళ్ళు తేలేసింది.

ఆస్పత్రిలో కడుపు చిరిగిందని ఆపరేషన్ చేశారు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. రోజా విడిచే అజాన్ ఎప్పుడో అయిపోయినా కుల్సుం మంచినీళ్ళు ముట్టలేదు.

అప్పుడు నోరు విప్పాడు కరిముల్లా. "అమ్మా, ఆకలిని అదుపులో పెట్టే కొన్ని జన్యువుల్లో తల్లి నుంచి వచ్చినవి ఎవరికైనా పుట్టకముందే మూతబడిపోతాయంట. తండ్రివే పనిచేయాలంట. ఇల్మాకి నా నుంచి రావాల్సిన ఆ ముక్కే లేదు. అందుకే కడుపు నిండిందని దానికి తెలీదు. నువ్వు ఏమంటావోనని దాచాను."

కుల్సుం కోడలి వైపు చూడలేకపోయింది. "ఇన్నాళ్ళూ నిన్నే అన్నా కదే ముబీనా. ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"ఎవరి తప్పూ కాదన్నారత్తమ్మా డాక్టరు గారు. ఎవరి మీద వేయమంటారు?" అంది ముబీనా ఏడుస్తూ.

ఇల్మా బతికింది. పండగనాడు వీధంతా షీర్‌ఖుర్మా వాసన. వంటింటి తలుపుకి ఆనుకుని కుల్సుం కూర్చుంది. చెవి ఇప్పుడు ఆమె బొడ్లో ఉంది.

"దాదీమా, ఆకలేస్తంది."

పిల్ల మాట అబద్ధం కాదని ఆమెకి తెలుసు. ఆ ఆకలి జన్మలో తీరదనీ తెలుసు. మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, "ఇప్పుడు కాదు తల్లీ" అంది. కళ్ళు తుడుచుకుంది గానీ, తాళం మాత్రం తీయలేదు.