రెండో డికాషన్

ఉదయం 6:31. నల్లపాడు. రైల్వే స్టేషన్‌కి రెండు వీధుల ఇవతల.

వరండాలో పేము కుర్చీ. కుర్చీలో బాపయ్యగారు. ఆయన చేతిలో ఇత్తడి గ్లాసు.

6:32. గ్లాసు పడింది.

6:33. బాపయ్యగారు పడ్డారు.

వంటింట్లో ఉన్న జానీబీ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో వంట ఆవిడదే. కేక పెట్టింది. పక్కింటి వెంకటరావమ్మగారు గోడ పక్కనుంచి తొంగిచూసి, ఆ వయసులో కూడా పరుగున వచ్చేసింది. మేడ మీద కాపురముంటున్న మేనల్లుడు చైతన్యకృష్ణ దడదడా లోపలి మెట్లు దిగాడు.

6:52. అంబులెన్స్ అబ్బాయి నాడి చూసి చెయ్యి వదిలేశాడు.

"పోయారండి."

గుంటూరు మిర్చి యార్డులో అరవై ఆరేళ్ళ బాపయ్యగారికి ఇంటిపేరు అక్కర్లేదు. ముక్కు బాపయ్య అంటే చాలు. బస్తాలోంచి కాయ తీసి, విరిచి, వాసన చూసి, అది ఏ ఊరి చేలో కాసిందో చెప్పేవారు. యార్డులో ఆయన మాటకి ఎదురు లేదు. ముక్కుసూటి మనిషి అన్న మాట ఆయన్ని చూసే పుట్టిందని హమాలీలు నవ్వుకునేవాళ్ళు.

ఆ ముక్కుకి ఇప్పుడు దూది పెట్టారు.

*

9:10కి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ యలమంద జీపు దిగాడు. నలభై ఎనిమిదేళ్ళు. మనిషి కన్నా పొట్ట అరసెకను ముందు దిగింది. రోజుకి పదకొండు టీలు. డ్యూటీ అన్న మాట టీతో ముగుస్తుంది, ఈయన డ్యూటీ టీతో మొదలవుతుంది. ఇవాళ ఇంకా రెండే అయ్యాయి. అందుకే మొహం గంటు పెట్టుకునుంది.

కానిస్టేబుల్ క్రిస్టీనా 7:35కే వచ్చింది. ఫోటోలన్నీ తనే తీసింది.

"చెప్పమ్మా."

"కాఫీలో పురుగుమందు సార్. గ్లాసు అడుగున క్లూస్ టీంకి దొరికింది."

"ఫిల్టర్లో?"

"ఫిల్టర్లో ఉన్న డికాషన్ క్లీన్ సార్."

"పాలు?"

"ఆయన పాలు మానేశారు సార్. డాక్టర్ వద్దన్నాడంట."

"అంటే డికాషన్ మంచిది, గ్లాసు చెడ్డది. గ్లాసు ఎవరు ముట్టుకున్నారు?"

"జానీబీ ఒక్కతే. మందు సీసా కూడా ఆమె గుడ్డ సంచిలోనే దొరికింది."

"వేలిముద్రలు?"

"ఒక్కటీ లేవు సార్. ఆమెవి కూడా."

యలమంద కనుబొమ్మ ఒకటి లేచింది.

క్రిస్టీనా ఫోన్లో ఫోటోలు జరిపింది. కుర్చీ. గ్లాసు. వంటింటి గట్టు. ఎండిన గిన్నెల బుట్ట. తెల్లగా మసకబారిన ఫోటో ఒకటి.

"ఇదేంటి?"

"సారీ సార్. ఫిల్టర్ మూత తెరిచి ఫోటో తీస్తే లెన్స్‌కి ఆవిరి పట్టేసింది. తుడుచుకుని మళ్ళీ తీశాను. ఇది కొట్టెయ్యనా?"

"కొట్టెయ్యకు. పోలీసులు ఏది కొట్టినా కోర్టులో అడుగుతారు."

అని, తన జోక్‌కి తనే నవ్వి, ఆ ఫోటో దాటేశాడు. అక్కడే పొరపాటు చేశాడు.

ఫోన్ మోగింది. డీఎస్పీగారు.

"ఏమయ్యా యలమందా, వంటమనిషేగా? సీసా దొరికిందిగా? సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు పెట్టెయ్."

"సార్, ఒక్క..."

ఫోన్ పెట్టేశారు.

*

జానీబీ వరండా స్తంభానికి ఆనుకుని కూర్చునుంది. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి.

"కాఫీ ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనండి. అయిదుంబావుకొచ్చా. ముప్పావుకి ఫిల్టర్లో నీళ్ళు పోశా."

"తర్వాత?"

"ఆరింటి నించి పావుగంట వాకిలి ఊడ్చానండి. అప్పటికి డికాషన్ దిగింది. 6:25కి గ్లాసులో పోసిచ్చా."

"గ్లాసు నువ్వే ఇచ్చావు."

"నేనేనండి."

"సంచి నీదే."

"నాదేనండి."

"సీసా?"

"నాది కాదండి."

మూడు ఔన్లు, ఒక కాదు. కోర్టువాళ్ళు ఔన్లనే వింటారు.

"ఆ మందు కంపు వీధి చివరిదాకా కొడుతుంది. ముక్కు బాపయ్యగారికి తెలియలేదా?"

జానీబీ తల దించుకుంది.

"అయ్యగారికి వాసన లేదండి. కరోనా వచ్చిపోయినకాడ్నించి. యార్డులో తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నాకు తెలుసు. పైనున్న అబ్బాయికి తెలుసు."

వంటింటి అలమార వైపు చూపించింది. ఇత్తడి ఫిల్టరు, స్టీలు ఫిల్టరు, కాఫీ వడగట్టే గుడ్డ, గాజుకూజా, ఇటలీ నించి తెప్పించిన, పొయ్యి మీద పెట్టే ఎనిమిది మూలల కెటిలు.

"రోజుకో రకంగా కాయించేవారండి. ఏదో ఒక దార్లో వాసన తిరిగొస్తదని ఆశ. గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, 'ఏం వాసనొస్తందే జానీబీ?' అనేవారు. నేను చెప్పేదాన్ని. ఇవాళ ఏపిన ఎరుశనక్కాయండి, ఇవాళ వాన పడ్డ పత్తి చేనండి, అని. అప్పుడు తాగేవారు."

"ఇవాళ ఏం చెప్పావు?"

"ఏదో గాటుగా ఉందనిపించిందండి. కొత్త పొడి కదా, చికోరీ ఎక్కువైందనుకున్నా. అదే చెప్పా. ఆయన నవ్వి తాగేశారండి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొదటి డికాషన్ ఆయనది, అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోస్తే దిగేది నాది. పన్నెండేళ్ళుగా అంతే. నేను కూడా తాగేదాన్నే. పొయ్యి మీద నీళ్ళు పెట్టబోతుంటే పడిన చప్పుడైంది."

యలమంద నోట్‌బుక్ మూశాడు.

"సార్, జైలు సంగతి కాదండి. విషం పెట్టిందన్న పేరు పడ్డాక నన్ను ఏ వంటింట్లోకి రానిస్తారు? గిన్నె ముట్టనిస్తారా?"

యలమంద మూసిన నోట్‌బుక్ మళ్ళీ తెరిచాడు.

*

మేడ మీద చైతన్యకృష్ణ. ముప్పై నాలుగేళ్ళు. ఊరి చివర కారం మిల్లు ఉంది. ప్యాకెట్ మీద మేనమామ బొమ్మ, కింద 'ముక్కు బాపయ్యగారు మెచ్చిన కారం' అని అక్షరాలు. బల్ల మీద కరెంటు కెటిల్, టీ పొట్లాల పెట్టె.

"మావయ్యతో గొడవలేమైనా?"

"ఛ, ఛ. దేవుడు సార్ ఆయన."

"కాఫీ అలవాటుందా?"

"ముట్టను సార్. గ్రీన్ టీ. ఎనభై డిగ్రీల నీళ్ళలోనే వెయ్యాలి."

"నీళ్ళలో ఆకు ముంచుకు తాగటానికి డిగ్రీ కూడా ఉండాలా? నేను డిగ్రీ తప్పినవాణ్ణయ్యా."

అతను నవ్వలేదు.

"అంబులెన్స్ వెళ్ళాక ఎక్కడున్నావు?"

"లోపల సార్. ఏడు నించి ఏడున్నర దాకా మావయ్య ఆధార్ కార్డు వెతుకుతున్నా. వరండాలో అందరూ ఉన్నారు. సార్, ఆయనకి వాసన తెలీదని ఆవిడకి తెలుసు. అది రాసుకోండి."

"రాసుకున్నా. నీకు కూడా తెలుసని ఆవిడ చెప్పింది. అది కూడా రాసుకున్నా."

కింద బాపయ్యగారి గదిలో, కిటికీ గట్టు మీద ఒక గాజు గ్లాసు. నీళ్ళు. అడుగున కారం పేరుకునుంది. పైన నీళ్ళు మాత్రం పెళ్ళికూతురి పారాణిలా ఎర్రగా ఉన్నాయి. పక్కన చించిన కారం ప్యాకెట్. దాని మీద బాపయ్యగారే నవ్వుతున్నారు.

"జానీబీ, ఇదేంటి?"

"రాత్రి అయ్యగారు అబ్బాయితో గొడవపడ్డారండి. నేను గిన్నెలు కడుగుతున్నా. 'ముక్కు పోయింది గానీ కళ్ళు పోలేదురా. నా బొమ్మేసి రంగు అమ్ముతావా? పొద్దున్నే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోతా' అన్నారు."

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరన్నా అడిగారాండి?"

బాపయ్యగారు కాఫీలో పాలు మానేశారు. మేనల్లుడు మాత్రం ఆయన పేరులో పాలు మానలేదు.

కారణం దొరికింది. కానీ గ్లాసు జానీబీదే. డికాషన్ శుభ్రమే. టైం 12:50.

*

1:20. వీధి చివర టీ బండి. బుల్లయ్య గిన్నెలోంచి గ్లాసుకి బారెడెత్తునించి టీ వంచాడు. యలమంద గ్లాసు అందుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

కళ్ళజోడు అద్దాలు తెల్లబడ్డాయి.

ఆవిరి.

గ్లాసు అలాగే బండి మీద పెట్టేశాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన టీ వదిలెయ్యటం అదే మొదలు.

"ఏంది సార్, బాలేదా?" బుల్లయ్య కంగారుపడ్డాడు.

"బాగుందయ్యా. బుర్రకి పట్టింది."

*

2:30. వరండా. అందరినీ కూర్చోబెట్టాడు. బాపయ్యగారిని పోస్టుమార్టంకి తీసుకెళ్ళారు. పేము కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

"వెంకటరావమ్మగారూ, పొద్దున ఇక్కడ అందరికీ కాఫీ ఎవరిచ్చారు?"

"నేనేనయ్యా. మా ఇంట్లో కలిపి ఫ్లాస్కులో పోసుకొచ్చా."

"ఇక్కడ పెట్టుకోవచ్చుగా?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏం మాటయ్యా అది! మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగిస్తారా? మీ ఇంట్లో వెలిగిస్తారా? ఏడింటికి నేనే లోపలికెళ్ళి గ్యాసు కట్టేసొచ్చా. కట్టేసింది కట్టేసినట్టే ఉంది, చూసుకో."

"జానీబీ లోపలికి వెళ్ళిందా?"

"ఏ లోపలికి? ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. పోలీసులొచ్చేదాకా లేస్తే ఒట్టు."

యలమంద క్రిస్టీనా ఫోన్ అందుకున్నాడు. మసక ఫోటో తెరిచాడు.

"టైం ఎంతుందమ్మా?"

"7:40 సార్."

"ఫిల్టర్లో జానీబీ నీళ్ళు పోసింది ఎప్పుడు?"

"5:45కి."

"దాదాపు రెండు గంటలు. చల్లారి నీళ్ళయిపోవాలి. మరి నీ లెన్స్‌కి ఆవిరి ఎక్కణ్ణించి పట్టింది?"

క్రిస్టీనా ఫోన్ కేసి వంగింది.

"ఆ ఫోటో తీసేటప్పటికి ఫిల్టర్లో వేడినీళ్ళున్నాయి. అంటే ఎవరో ఏడు దాటాక కొత్తగా డికాషన్ వేశారు. పొయ్యి వెలగలేదు. శవం ఉన్న ఇల్లు. కాఫీ పక్కింటి నించి వచ్చింది. తాగటానికి ఎవరికీ అక్కర్లేని డికాషన్ ఎందుకు వేసినట్టు?"

చైతన్యకృష్ణ నుదుటి మీద చెమట.

"నేను చెప్తా. మందు కలిపింది గ్లాసులో కాదు. ఆరింటికి జానీబీ వాకిలి ఊడుస్తుంటే, ఫిల్టర్ పైగిన్నెలో, పొడి మీద ఇంకా దిగుతున్న నీళ్ళలో కలిపారు. అది అలాగే దొరికితే, ఈ ఇంట్లో ఎవరైనా కలిపుండచ్చు. దాన్ని మార్చేస్తే నేరం గ్లాసు ఇచ్చిన చేతి మీదికే పోతుంది. అందుకే ఫిల్టర్ కడిగి, కొత్త పొడి వేసి, నీళ్ళు పోశారు. సీసా తుడిచి సంచిలో పెట్టారు. పొయ్యి చల్లగా ఉంటే వంటింటి జోలికి ఎవరూ రారని ధైర్యం. మన ఆచారాన్ని అంత గట్టిగా నమ్ముకున్నాడు."

జానీబీ లేచి వచ్చింది. మసక ఫోటో పక్కనే ఉన్న రెండో ఫోటో కేసి వంగి చూసింది.

"సార్, గొడుగేదండి?"

"ఏం గొడుగమ్మా?"

"పొడి మీద అదిమే రేకండి. మధ్యలో కాడ ఉంటది, గొడుగులాగ. అది పెట్టకుండా నీళ్ళు పోస్తే పొడంతా పైకి తేలిపోద్ది. చూడండి, తేలింది. ఇది కాఫీ తెలిసినోళ్ళు వేసింది కాదండి."

గిన్నెల బుట్ట ఫోటో పెద్దది చేశారు. రేకు అందులో ఉంది. ఎండిన గిన్నెల మధ్య అదొక్కటే తడిగా.

"ఈ ఇంట్లో కాఫీ తెలియని మనిషి ఒక్కడే," అన్నాడు యలమంద. "గ్యాసు లేకుండా నీళ్ళు కాచుకోగల మనిషి కూడా ఒక్కడే."

చైతన్యకృష్ణ లేచాడు. "కెటిల్ ఉంటే హంతకుణ్ణా? ఇదేం ఎంక్వైరీ సార్? లాయర్ని పిలుస్తా!"

"పిలువు. ఈలోపు క్లూస్ టీం నీ బాత్రూంలోంచి దిగుతోంది."

మెట్ల మీద నించి ఒకతను వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో తడి కాఫీ పొడి, గుప్పెడు.

"నీళ్ళు పోయే జాలీ కింద ఇరుక్కుంది సార్. మందు ఉంది."

"గ్రీన్ టీ తాగేవాడి జాలీలో కాఫీ పొడి," అన్నాడు యలమంద. "వడగట్టాల్సింది నువ్వు. నిన్ను నీ జాలీ వడగట్టింది."

చైతన్యకృష్ణ పేము కుర్చీ కేసి చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నా మిల్లు మూయిస్తానన్నాడు సార్. కన్నకొడుకులాగా పెంచి..."

"ఛీ, నోర్ముయ్!" వెంకటరావమ్మగారు అరిచింది. "అదే పొడిమీద ఆ పిచ్చిది రెండోసారి నీళ్ళు పోసుకుని తాగేది కదరా! అది కూడా పోయేది!"

ఆ సంగతి కూడా తెలుసని అతని మొహమే చెప్పింది.

3:10కి చైతన్యకృష్ణని జీపెక్కించారు. నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిన మనిషి మారాడు.

*

యలమంద వెళ్ళబోతూ ఆగాడు. ఏదైనా అందామనుకున్నాడు. మాటలతో ఆడుకునే మనిషి మాట మాని, టోపీ తీశాడు.

వెంకటరావమ్మగారు ఫ్లాస్కు తెచ్చింది. స్టీలు గ్లాసులో పోసి జానీబీ చేతిలో పెట్టింది.

"తాగవే. పొద్దుటి నించి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు. రేపట్నించి మా వంటింట్లోకి రా. నా చేతులు వణుకుతున్నాయి, నా వల్ల కావట్లేదు."

జానీబీ గ్లాసు పట్టుకుంది. తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అలవాటుగా పేము కుర్చీ వైపు తిరిగింది.

"పాలు కొంచెం అడుగంటినట్టున్నాయండి," అంది మెల్లగా. "ఇంకేం లేదండి. మంచిదే. తాగండి."