బర్నబే పీపా అడుగు

గూఢచారి సంస్థ అధికారి మేడమ్ ఇంబోడెన్ టేబుల్ మీద ఒక రోడ్డు మ్యాప్, కారు తాళాలు, పెళ్ళి ఉంగరం పెట్టింది.

"ఉంగరం ఎవరికి?" అడిగాడు ఏజెంట్ కాసియన్.

"నీకే. నాలుగు రోజులు నువ్వు పెళ్ళాంతో షికారుకొచ్చిన మొగుడివి. కొండదారిలో కారు మెల్లగా నడుపు. కనిపించిన ప్రతి వైన్ మాళిగ దగ్గరా ఆగు. తొందరపడ్డావా, దొరికిపోతావు."

వాలే అనే కొండప్రాంతంలోని ఎగువ ఆనకట్ట గేట్లు తెరిచే కోడ్‌ను ఎవరో దొంగిలించి, వేలెడంత స్టీలు గొట్టంలో దాచారు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అది లోయలో ఒక విదేశీ ముఠా చేతికి అందబోతోంది. కోడ్ మార్చాలంటే వారం పడుతుంది. ఈలోగా గేట్లు తెరిస్తే తొమ్మిది ఊళ్ళు నీటిపాలు.

భార్య వేషం లివియాది. ముఠాలో ఉంటూనే రాజధాని బెర్న్‌లోని మేడమ్ ఆఫీసుకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఎర్ర స్కార్ఫు, నల్లకళ్ళద్దాలు. కాసియన్ ఊరికి పక్క లోయలోనే పుట్టానని చెప్పుకుంది. నాలుగు రోజులూ ద్రాక్షతోటల గోడల మధ్య కారు తాపీగా తిరిగింది. పోలీసులు మూడుచోట్ల ఆపారు. మూడుచోట్లా కాసియన్ తన ఏజెంట్ కార్డు చూపించి ముందుకు సాగిపోయాడు. గొట్టం దగ్గరుంటే మోగాల్సిన చేతిగడియారం మాత్రం మొదటిరోజు నుంచీ ఆగకుండా గుయ్‌మంటూనే ఉంది.

"పాడైనట్టుంది, తీసి పారెయ్," అంది లివియా. అతడు జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు కారు కాసియన్ సొంత ఊళ్ళో ఆగింది. లివియా అతడి చెయ్యి పట్టుకుంది.

"చెప్పడానికి మనసు రావట్లేదు. గొట్టం బర్నబే పీపాలో ఉంది. ముసలాయన ముఠా మనిషి."

బర్నబే కాసియన్‌ను చర్చిలో ఎత్తుకుని పేరు పెట్టిన పెదనాన్న. ఆయన పీపా అడుగును 1886 నుంచి ఎవరూ చూడలేదు. తాగినంత మేర ఏటా వసంతంలో కొత్త వైన్ పోస్తారు గాని, ఖాళీ చెయ్యరు. అంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? కాసియన్ నమ్మాడు. నమ్మడానికి అతడికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఏరా, పన్నెండేళ్ళకి దారి తెలిసిందా?" అన్నాడు బర్నబే, పీపా నుంచి గ్లాసు నింపుతూ. "కోడలుపిల్ల బయటే నిలబడిందేం?"

కాసియన్ గ్లాసు తీసుకుని, తాగకుండా స్టూలు మీద పెట్టేశాడు. ఆ మాళిగలో పోసిన గ్లాసు ఎవరూ అలా కింద పెట్టరు. తర్వాత కార్డు తీశాడు.

"పక్కకు జరగండి."

"పెదనాన్నా" అని పిలవలేదు. సుత్తితో పీపా బిరడా కొట్టేశాడు. వైన్ రాతినేల మీదుగా కాలువకట్టి తూములోకి పోయింది. మాళిగంతా అక్రోటు కాయల వాసన. బర్నబే అడ్డుపడలేదు. శవం వెళ్తుంటే తీసినట్టు నెత్తిమీది టోపీ తీసి పట్టుకున్నాడు.

అరగంట తర్వాత కాసియన్ టార్చి వేసి చూశాడు. అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు.

"ఏం వెతుకుతున్నావురా?"

"వేలెడంత గొట్టం."

"అడిగుంటే చెప్పేవాణ్ణిగా. పొద్దున్నే కొత్త వైన్ పోసేముందు కర్రతో అడుగంతా తడిమాను. ఏటా తడుముతాను. గులకరాయి ఉన్నా తెలుస్తుంది."

బయట కారు స్టార్టయిన చప్పుడు. నాలుగు రోజులుగా గుయ్‌మంటున్న గడియారం జేబులో చప్పున ఆగిపోయింది.

గొట్టం కారులోనే ఉంది. మూడు చోట్లా దాన్ని పోలీసులను దాటించింది తన కార్డే.

కాసియన్ తోటల మెట్లదారిన కిందికి పరుగెత్తాడు. మలుపులో, ఊళ్ళకు టపానీ జనాన్నీ చేరవేసే పసుపుపచ్చ పోస్టు బస్సు హారన్ మోగింది. ఆ దారిలో పోస్టు బస్సు ఎదురైతే కారే వెనక్కి పోవాలి. బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. లివియా మాత్రం ఆగకుండా హారన్ కొడుతోంది.

డ్రైవర్ ఫిర్మాన్ ఇంజన్ ఆపి దిగాడు. "ఏ ఊరమ్మా మీది?"

"పక్క లోయే. దారి వదులు."

"పక్క లోయవాళ్ళ కార్లకు రివర్స్ గేరుండదా?"

బస్సులోవాళ్ళు నవ్వారు. లివియా హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. పిస్టల్ బయటికి వచ్చేసరికి కాసియన్ గోడ మీంచి కారు మీదికి దూకి ఆ చెయ్యి విరిచి పట్టాడు. గొట్టం నాలుగు రోజులూ అతడు కూర్చున్న సీటు కిందే ఉంది. పన్నెండుకు ఒక్క నిమిషం తక్కువ. కింద మలుపులో ఎదురుచూస్తున్న ముఠా బూడిదరంగు కారు మెల్లగా వెనక్కి తిరిగింది.

"మీ ఆవిడా?" అడిగాడు ఫిర్మాన్.

"కాదు."

"పోనీలే, బతికిపోయావ్."

సాయంత్రం ఊరివాళ్ళు తమ తమ పీపాల నుంచి కూజాలతో వైన్ తెచ్చారు. ఖాళీ పీపా ఎండితే పగులుతుంది. ఒక్కొక్కరే పోసి, బర్నబే భుజం తట్టి వెళ్ళారు. కాసియన్‌కు ఎవరూ గ్లాసు ఇవ్వలేదు. ఇచ్చినా, గ్లాసు తగిలించేటప్పుడు అవతలివాళ్ళ కళ్ళలోకి చూడాలి. అది అతడి వల్ల అయ్యేది కాదు.

బర్నబే పీపా మీద సుద్దతో రాసి ఉన్న 1886ను తడిగుడ్డతో తుడిచి సుద్దముక్క అందించాడు. "ఈ సంవత్సరం రాయి. నీ చేత్తోనే."

రాశాడు. అంకెలు వంకర పోయాయి.

"నన్ను తిట్టు పెదనాన్నా."

"తిడితే ఇంకో పన్నెండేళ్ళు రావు. ఏటా వసంతంలో పొయ్యడానికి రా."

ఫోన్ మోగింది.

"శభాష్ కాసియన్. తొమ్మిది ఊళ్ళూ నిలిచాయి," అంది మేడమ్ ఇంబోడెన్. "రిపోర్టులో ఒక్క గడి మిగిలింది. ఆస్తినష్టం?"

"నూట ముప్పై ఎనిమిదేళ్ళు, మేడమ్."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"ఆ గడిలో లీటర్లే రాయాలి," అంది ఆవిడ.