చార్టులో మొదటి గడి

మా ఆఫీసు కింద జనన మరణాల రికార్డుల గది ఉందే, దానికి మంచి పేరు లేదు. సాయంత్రం ఐదు దాటితే ఆ మెట్లు దిగేవాళ్ళు లేరు. చివరి బీరువా వెనక ఎవరో పేజీలు తిప్పుతారట... ఆడగొంతు ఏదో గొణుగుతుందట. నేను అక్కడ పాత రిజిస్టర్లు కుట్టి బైండు చేసేవాణ్ణి. పగలు గుమాస్తాలే నిలవలేని ఆ ఉక్కపోతలో దెయ్యం మాత్రం ఏం ఉంటుందిలే అని కొట్టిపారేసేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనను.

ఇక చెప్పేదంతా ఒక లెక్కల టీచరమ్మ నాకు చెప్పింది. చివరిది మాత్రం నేను నా చెవులతో విన్నాను.

ఆవిడ తన వంశవృక్షం రాసుకోవడానికి మా దగ్గరికి వచ్చేది. ఒక్కో కుటుంబానికి ఒక్కో కాగితం. పైన తల్లిదండ్రులు, కింద పుట్టిన వరుసలో పిల్లలకి గళ్ళు. ఎవరో చెప్పింది పెన్సిల్‌తో రాసేది. రిజిస్టర్‌లో స్వయంగా చూసిందే పెన్నుతో. దేవుడు దిగొచ్చి చెప్పినా కాగితం చూపించమనే రకం.

చిక్కల్లా తన తోబుట్టువుల కాగితం దగ్గరే వచ్చింది. వాళ్ళమ్మ మంచాన పడి అప్పటికి ఏడాది. ఆ కాగితం చూసి, "మొదటి గడి నీది కాదే," అందట. "నీ ముందు ఒకత్తి పుట్టింది. మూడు రోజులుంది. మీ నాన్న ఆ ఊసే ఎత్తనివ్వలేదు. నేను పోయేలోపు దాన్ని రాయవే."

టీచరమ్మ నాలుగు రోజులు వెతికింది. పుట్టినట్టు లేదు. పోయినట్టూ లేదు. పెన్సిల్‌తో గీసిన గడి చెరిపేసి, పక్కన "ఆధారం లేదు" అని రాసింది. రాసి ఊరుకుందా, అమ్మకి చదివి వినిపించింది.

పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ మెతుకు ముట్టలేదు.

"పెన్సిల్‌తోనైనా ఉంచాల్సింది, అన్నా," అని టీచరమ్మ నా ముందు కూర్చుని ఏడ్చింది. "చెరపకపోతే నా సొమ్మేం పోయేది?"

మూడో రోజు డాక్టర్ పెదవి విరిచాడు. ఆ సాయంత్రం ఆఫీసు మూసే వేళకి ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఎంత చిన్న ఆధారమైనా సరే, అమ్మకి ఊపిరి ఉండగానే తీసుకెళ్ళి చూపించాలి. కాదనలేక తాళం ఇచ్చాను. కిందికి మాత్రం వెళ్ళలేదు. ధైర్యం చాల్లేదు, ఒప్పుకుంటున్నా.

ఆవిడ దిగింది. ఒకటే బల్బు. చివరి బీరువా వెనక... పేజీ తిరిగిన చప్పుడు.

ఆగింది. మళ్ళీ పేజీ తిరిగింది.

"ఎవరు?" అంది. సన్నగా ఓ గొంతు — "ఇందులోనూ లేదు... ఇందులోనూ లేదు..."

బీరువా వెనక్కి వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. కింది అరలో ఓ గుడ్డమూట విప్పి ఉంది. అందులో అర్జీలు, ఇరవయ్యారు, ఏడాదికొకటి. అన్నీ ఒకే చేతిరాత. "మూడు రోజుల ఆడపిల్ల. పేరు పెట్టలేదు. ఎక్కడైనా రాశారేమో దయచేసి వెతకండి." ప్రతిదాని కిందా ఎవరో ఒక గుమాస్తా జవాబు: ఆధారం లేదు.

సంతకం వాళ్ళమ్మది.

మా పాత గుమాస్తా ఒకాయన జాలిపడి, పెద్దావిడని మొగుడికి తెలియకుండా, ఆఫీసు మూశాక లోపలికి పంపేవాడట. నాకు తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళూ మేం దడుచుకున్నది బిడ్డని వెతుక్కుంటున్న ఓ తల్లి అలికిడికి. సిగ్గేసింది నాకు.

టీచరమ్మ ఆ కాగితాలు పట్టుకుని ఉండగానే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా... అమ్మ పోయింది. పావుగంటైంది."

ఎలా మెట్లెక్కిందో తనకే తెలియదు. నేను చేయి పట్టుకుని గేటు దాకా నడిపించాను. అక్కడ కొత్త వాచ్‌మన్. చేరి రెండు రోజులైంది, ఎవరి మొహమూ తెలియదు.

"మీ కోసమే ఆగాను మేడమ్. ఆ పెద్దావిడ వెళ్ళిపోయింది," అన్నాడు.

"ఏ పెద్దావిడ?" అన్నాను నేను. లోపల మేమిద్దరమే ఉన్నాం.

"కింద గదిలోంచి వచ్చిందిగా, పావుగంట క్రితం. చేతుల్లో పొత్తిళ్ళ బిడ్డ. ఈ చలిగాలిలో ఎందుకమ్మా అంటే నవ్వింది. 'ఇన్నాళ్ళకి దొరికింది బాబూ, ఇంటికి తీసుకెళ్తున్నా' అంది."