ఎంబ్రాయిడరీ మెషిన్ ఎవరిది?

ఆ ఉదయం కుట్టుపని దుకాణంలో ఎప్పటిలాగే స్కూలు యూనిఫాంలు గుట్టగా పడి ఉన్నాయి. అక్క బట్ట కత్తిరిస్తోంది, అమ్మ గుండీలు కుడుతోంది. మధ్యలో ఎంబ్రాయిడరీ మెషిన్. అదంటే అక్కకి ప్రాణం. అమ్మ తన గొలుసు అమ్మి కొనిచ్చింది మరి! బ్యాంకులో ఉద్యోగం చేసే చెల్లెలికి కాదు, తనకి. రెండేళ్ళుగా ఆ మాట చెల్లెలి చెవిన వేయకుండా ఒక్కసారీ వదిలిపెట్టలేదు మహాతల్లి.

చెల్లెలు లోపలికొచ్చి కత్తెర పక్కన ఒక కాగితం పెట్టింది. "అక్కా, సంతకం కావాలి. విడాకుల కేసులో మా ఆయన కొత్త గొడవ తెచ్చాడు. నా డబ్బంతా నీ కొట్లో దాచానట. ఈ మెషిన్ కూడా ఆ లెక్కలో రాశాడు. అమ్మే కొనిచ్చిందని ఇందులో రాశాను, నువ్వు సంతకం పెడితే చాలు."

అక్కకి ఒళ్ళు మండింది. "మంచి బట్టలు నీకే, పెద్ద చదువు నీకే. జన్మకో శివరాత్రి అన్నట్టు అమ్మ నాకిచ్చింది ఇదొక్కటి. దాని మీద కూడా నీ పేరు పడాలా? ఇలా తే, పెడతాను. ఉన్న నిజానికి సంతకం పెట్టడానికి నాకేం భయం?"

"పెట్టకు," అంది అమ్మ.

ఇద్దరూ అటు తిరిగారు. అమ్మ తలెత్తలేదు. "నా గొలుసు మీ నాన్న ఆసుపత్రి ఖర్చులకే పోయింది. మెషిన్ కొన్నది చెల్లి. నా పేరు చెప్పమంది, చెప్పాను. ఆ అబద్ధంతో నువ్వు కోర్టు మెట్లెక్కొద్దు."

అక్క ముఖం నల్లబడింది. "అంటే అమ్మ ప్రేమ కూడా నువ్వే కొనిపెట్టావన్నమాట! నన్ను చూసి ఎంత నవ్వుకున్నావో!"

"నవ్వుకోవడమా?" అంది చెల్లెలు. "అమ్మని నా ఇంటికి ఎన్నిసార్లు పిలిచానో అడుగు. రెండ్రోజులుంటే గొప్ప. 'పెద్దది ఒక్కతే ఉంది' అని పరిగెత్తుకొచ్చేస్తుంది. మీరిద్దరూ ఇక్కడ కబుర్లాడుకుంటుంటే నేను గుమ్మంలో చుట్టంలా నిలబడేదాన్ని. కుళ్ళుకున్నానక్కా. ఈ కొట్లో నాదంటూ ఒక్కటైనా ఉండాలని కొన్నాను. నేనిస్తే నువ్వు తీసుకోవని అమ్మ పేరు చెప్పించాను."

తనని చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉంటారని అక్క కలలో కూడా అనుకోలేదు. "మరి నేనన్ని గొప్పలు పోతుంటే ఎలా ఊరుకున్నావే?"

"అమ్మ ఇచ్చిందని చెప్పేటప్పుడు నీ ముఖం చూసుకోలేదు నువ్వు. నేను చూశాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు."

అక్క స్టూలు మీద కూలబడి కొంగుతో కళ్ళు అద్దుకుంది. తర్వాత ఆ కాగితం తిరగేసి, వెనకవైపు వంకర అక్షరాలతో రాసింది: 'ఈ మెషిన్ నా చెల్లెలిది. తన జీతంతో కొంది. నేను వాడుకుంటున్నాను.'

"అలా రాస్తే ఆస్తి పంపకాల్లో మెషిన్ పోతుందక్కా!"

"పోతే పోనీ, చేత్తో కుట్టుకుంటాను. నా చెల్లెలు దొంగతనంగా దాచిందని ఎవడూ అనకూడదు." అక్క సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది. "ఇంకోటి. నాలుగు రోజులు ఇక్కడే ఉండు. అమ్మ పక్కన నువ్వే పడుకో. నేను వేరే మంచం వేసుకుంటాను."

బ్యాంకుకి సెలవు చెబుదామని చెల్లెలు ఫోను చేసింది గానీ, అవతల ఎవరో ఎత్తాక కూడా ఏడుపు ఆగలేదు.