పట్టు జాకెట్ మీద తెల్ల మచ్చలు

"ఆరింటికి దొంగ బులెటిన్ ఊళ్లో ప్రతి ఫోన్‌కీ వెళ్తుంది. నీకున్నది నలభై నిమిషాలు, వదినా," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

వదిన ఆమె కోడ్ నేమ్. ప్రస్తుత వేషం, హోటల్ లాండ్రీ మనిషి.

ఊళ్లో ఎబోలా మొదలైనప్పటి నుంచీ ఓ విదేశీ ముఠా ఆరోగ్యశాఖ పేరుతో అబద్ధాలు పంపుతోంది. క్లోరిన్ నీళ్లు విషమట. ఆస్పత్రికి వెళ్తే చంపేస్తారట. కింద వాళ్ల నకిలీ మందు ప్రకటన. వదిన చెల్లెలు నమ్మింది. జ్వరంతో ఉన్న మొగుణ్ణి ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంది, పోయాక తనే ఒళ్లు కడిగింది. మూడు వారాలకు తనూ పోయింది. ఆ మెసేజ్ ఉన్న ఫోన్ ఇప్పుడు వదిన నడుం దగ్గరుంది.

"ఆరో అంతస్తు సూట్‌లో అందగత్తె. ఆవిడ పట్టు జాకెట్ చేతులకు క్లోరిన్ మచ్చలున్నాయి," అంది వదిన. "ఊరికి విషమని చెప్పి, తను దాంతోనే పూటకు పదిసార్లు చేతులు కడుక్కుంటోంది. ఫొటో చూడండి."

చీఫ్ గొంతు మారింది. "ఈవిడ ఆరోగ్యశాఖలో మనం పెట్టిన మనిషే."

"వాళ్లూ పెట్టుకున్నట్టున్నారు."

ఐదూ యాభై ఏడుకి టవల్స్‌తో లోపలికెళ్లింది. అందగత్తె లాప్‌టాప్ ముందుంది. సరిగ్గా ఆరింటికి ఆమె బొటనవేలు వేలిముద్ర రీడర్ మీద పెడితేనే బులెటిన్ కదులుతుంది. వదిన సిగ్నల్ ఆపే జామర్ పెన్ నొక్కింది. అది మొరాయించింది. ఆఫీసు సరుకు ఎప్పుడూ అంతే.

"ఏయ్, టవల్ ఇలా ఇవ్వు." అందగత్తె ముఖం, మెడ శుభ్రంగా తుడుచుకుంది.

ఇంకా పది సెకన్లు.

"అయ్యో, అదా మేడమ్? ఎబోలా వార్డు నుంచి ఉతుక్కి వచ్చింది. ఇంకా ఉతకలేదు," అంది వదిన తాపీగా.

రీడర్ దాకా వచ్చిన వేలు ఆగిపోయింది. మరుక్షణం అందగత్తె బాత్‌రూమ్‌లో క్లోరిన్ బకెట్ దగ్గరుంది. వదిన బయట గడియ పెట్టింది.

ఆరు కొట్టింది. చెల్లెలి ఫోన్ మోగలేదు.

"అక్కా, నీకు దండం పెడతాను. అది నిజంగా వార్డుదేనా?" అంది అందగత్తె లోపల్నుంచి.

అక్కా అన్న మాటకు వదిన ఓ క్షణం కళ్లు మూసుకుంది. అది కొత్త టవల్, ఆ పొద్దునే ప్యాకెట్ విప్పింది. ఆ ముక్క చెప్పకుండా ఆరోగ్యశాఖ కరపత్రం తలుపు కిందనుంచి తోసింది.

"ఇరవై ఒక్క రోజులు ఒళ్లు చూసుకుంటూ ఉండు. అనుమానమొస్తే అందులో నంబరుంది, నిజం చెప్తారు. ఫోన్‌కొచ్చే మెసేజ్‌లు మాత్రం నమ్మకమ్మా, ఎవరు రాస్తారో ఏమో."