స్క్రిప్టులో లేని పాస్‌వర్డ్

ఏడుపాయల గుడి మెట్ల మీద కొబ్బరికాయలు అమ్ముతున్నవాడు నిజానికి ఏజెంట్ జియా. గళ్ల లుంగీ, తలకు తువ్వాలు, బుట్ట అడుగున పిస్టల్.

ఖద్దరు చొక్కా భక్తుడొకడు కాయను చెవి దగ్గర ఊపాడు. "నీళ్ల సప్పుడే లేదు?"

"మంజీర ఎండింది సార్," అన్నాడు జియా.

కోడ్ కుదిరింది. ఆ భక్తుడు చీఫ్ దామోదర్.

"విదేశీ ముఠాల దొంగగ చేరిన మన ఏజెంట్ ఒవైస్ పానం మీదికొచ్చింది. మన యాప్ల పేర్లుండయ్, మనోడు ఏడున్నడో మ్యాపు మీద ఎర్ర చుక్క కనబడ్తది. యాప్‌ను టెస్ట్ చేసే స్క్రిప్టుల లాగిన్, పాస్‌వర్డ్ రాసిపెట్టిండ్రు. అది ముఠాకు పోతున్నది. మారిస్తే కొత్తది గూడ పోతున్నది. నాకు టెస్టర్ అఫ్షా మీదనే డౌటు."

అఫ్షా ఒకప్పుడు ఆ ముఠా మనిషే. తర్వాత ఇటు తిరిగింది. ఒవైస్ జియాకు ప్రాణస్నేహితుడు.

మెదక్‌లో మొబైల్ షాపు పైన ఆఫీసు. నల్ల కళ్లద్దాలు, ఘాటైన అత్తరు, ఎర్రటి నవ్వు: అఫ్షా. జియాకు అనుమానం జీతంతో పాటు వచ్చిన జబ్బు. ఆ నవ్వును అస్సలు నమ్మలేదు.

"ఇగ స్క్రిప్టుల పాస్‌వర్డ్ ఉండది," అన్నాడు. "దాని జాగల వేరియబుల్ అని ఉత్త పేరే ఉంటది. అసలు పాస్‌వర్డ్ ఎవరిది వాళ్ల ల్యాప్‌టాప్ సెట్టింగులనే ఉంటది."

"అంటే తాళం అందరిది, చెవి ఎవరి జేబుల వాళ్లది," అంది అఫ్షా.

అతను చెప్పని సంగతి ఒకటుంది. ఆమెకిచ్చింది డమ్మీ అకౌంట్. పాత లాగిన్ మూసేశాడు, అసలుది ఎవరికీ ఇవ్వలేదు.

కాసేపటికి చీఫ్ ఫోన్. "జియా, నాకు సుత ఒక లాగిన్ పంపు. చెక్ చేస్త."

పంటి కింద రాయి పడ్డట్టయింది. చీఫ్ ఇదివరకెన్నడూ లాగిన్ అడగలేదు. ఇన్నాళ్లూ స్క్రిప్టు తెరిస్తే కనబడేది, అడిగే పనే లేకపోయింది. జియా ఆయనకీ ఇంకో డమ్మీ పంపాడు.

తర్వాత జియా, అఫ్షా ఒకరినొకరు కనిపెడుతూ కూర్చున్నారు. ఆమె చెయ్యి బ్యాగులో, అతని చెయ్యి టేబుల్ కింద.

తెర మీద అలర్ట్: ఒక డమ్మీలోకి విదేశం నుంచి లాగిన్.

అఫ్షా బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. జియా పిస్టల్ ఎత్తాడు. ఆమె లిప్‌స్టిక్‌ను చెవికి పెట్టుకుంది. అది ఆమె ముఠాలో ఉన్నప్పటిది, వాళ్ల మాటలు వినిపించే రిసీవర్.

"ఒవైస్ భాయ్ నెత్తికి తుపాకి పెట్టిండ్రు," విన్నది విన్నట్టు చెప్పింది ఆమె. "మ్యాపు తెరుస్తున్నరు. చుక్క వాళ్లున్న తాననే కనబడితే కాలుస్తరట... యా అల్లా... తుపాకి దించిండ్రు! చుక్క రామాయంపేటల ఉన్నదట!"

జియా ఊపిరి పీల్చుకున్నాడు. "అది చీఫ్ ఇల్లు. ఎవలకిచ్చిన డమ్మీల వాళ్ల ఇంటి మీదనే చుక్క పెట్టిన."

"మరి నా దాంట్ల?"

"నీ ఇల్లే. మాఫ్ జెయ్యి."

ఆమె కళ్లద్దాలు తీసి చూసిన చూపుకు పిస్టల్ దానంతటదే కిందికి దిగింది.

ఫోన్ మోగింది. దామోదర్ రొప్పుతున్నాడు. "జియా, నేనే వాళ్లల్ల దొంగగ చేరిన్నని ముఠా అనుకుంటున్నది. బయట కారు ఆగింది. జల్ది వచ్చి నన్ను అరెస్ట్ జెయ్యి!"

"వస్తున్నం సార్," అన్నాడు జియా మెట్లు దిగుతూ. "అరెస్ట్ ఆర్డర్ మీద చీఫ్ సంతకం గావాలె. జరంత పెట్టి ఉంచుండ్రి."